హెచ్‌డీ, వెక్టర్, యూఎక్స్: డిజైన్ పనిలో రోజూ వినే అపోహలు

హన్మకొండలో ఫ్లెక్సీలు, పెండ్లి పత్రికలు, ఈ మధ్య యాప్ స్క్రీన్లు కూడా చేస్తున్నాను. షాపుకొచ్చేవాళ్ల నోట ఎక్కువగా వినే మాటలివి.

అపోహ: “ఫొటో హెచ్‌డీదే అన్నా, వాట్సాప్‌లో పెట్టిన.”

చూడాల్సింది పిక్సెళ్లు, అంటే ఫొటోలోని చిన్న చుక్కలు, ఎన్ని ఉన్నాయని. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది. 1200 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో పెండ్లి పత్రిక మీద 4 అంగుళాల వరకు 300 డీపీఐతో, అంటే అంగుళానికి 300 చుక్కలతో, శుభ్రంగా వస్తుంది. అదే ఫొటోను 10 అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే అంగుళానికి 10 పిక్సెళ్లే మిగులుతాయి, మొహం గళ్లుగళ్లుగా పగిలిపోతుంది. ఫొటోషాప్‌లో డీపీఐ దగ్గర 72 తీసి 300 కొట్టమనేవాళ్లూ ఉన్నారు. అంకె మార్చినంత మాత్రాన లేని వివరం ఎక్కడి నుంచి వస్తుంది? ఫొటోను డాక్యుమెంట్‌గా పంపండి. ఫ్లెక్సీకైతే అసలు 300 అక్కర్లేదు, దూరం నుంచి చూసేది కాబట్టి పూర్తి సైజులో 72 ఉన్నా చాలు.

అపోహ: జేపెగ్ ఫొటోగా ఉన్న లోగోను కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో పెట్టి దాని సీడీఆర్ ఫైలుగా సేవ్ చేస్తే వెక్టర్ అవుతుంది.

కాదు, లోపల ఆ జేపెగ్గే ఉంటుంది. వెక్టర్‌లో గీతలు, వంపులు లెక్కల రూపంలో ఉంటాయి కాబట్టి విజిటింగ్ కార్డు మీదైనా షాపు బోర్డు మీదైనా అంచు నున్నగా వస్తుంది. దానికోసం లోగోను మళ్లీ గీయాలి. “ఉన్న లోగోకే పైసలా?” అంటారు, ఏం చేస్తాం!

అపోహ: స్క్రీన్ మీద కనిపించిన రంగే ప్రింటులో రావాలి.

స్క్రీన్‌ది వెలుగు, ప్రింటుది సిరా. మెరిసే చిలకపచ్చ సీఎంవైకేలో, అంటే ప్రింటుకు వాడే నాలుగు సిరాల్లో, కొంచెం మందగిస్తుంది. ముందే ఒక ప్రూఫ్, అంటే నమూనా ప్రింటు, తీయించుకోండి.

అపోహ: ఇంగ్లిష్‌కు లైన్ల మధ్య పెట్టిన జాగానే తెలుగుకూ సరిపోతుంది.

సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే లీడింగ్, అంటే ఒక లైను నుంచి కింది లైనుకు దూరం, సాధారణంగా అక్షరం సైజులో 120 శాతం, అంటే 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్లు. ‘రాష్ట్రం’ అని కొట్టి చూడండి. కింద ట వత్తు, ర వత్తు వేలాడతాయి. దాని కింది లైన్లో ‘కీ’ పడితే దాని గుడిదీర్ఘం వాటికి తగులుతుంది. నేనైతే 10కి 15 ఇస్తాను, కొన్ని ఫాంట్లకు 16. “జాగా వేస్ట్ అయితుంది, ఇంకో నలుగురి ఫొటోలు పట్టేవి” అని ఫ్లెక్సీ చేయించుకునేవాళ్లు గునుస్తారు. చౌరస్తాలో బండి మీద పోయేవాడు ఎన్ని మొహాలని చూస్తాడు?

అపోహ: యూఐ, యూఎక్స్ ఒకటే.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతు కోసం ధరల యాప్ చేస్తున్నామనుకోండి. రంగులు, బటన్లు, అక్షరాలు యూఐ, అంటే కంటికి కనిపించే తెర. యూఎక్స్ అంటే వాడేవాడికి కలిగే మొత్తం అనుభవం. ఇవాళ్టి రేటు చూడాలంటే ముందు ఓటీపీ కొట్టమంటే, ఎండలో ఆ లేత బూడిదరంగు అక్షరం కనిపించకపోతే, అది యూఎక్స్ దెబ్బతిన్నట్టు. 1990లలో యాపిల్‌లో ఉన్నప్పుడు ఈ మాటను వాడుకలోకి తెచ్చిన డాన్ నార్మన్ వాడకం గైడును కూడా ఇందులోనే లెక్కేశారు.

అందుకే ముందు వైర్‌ఫ్రేమ్, అంటే స్క్రీన్లను ఉత్త గీతల్లో గీసి చూపిస్తాను. “రంగులేవి?” అని అడుగుతారు. రేటు ఎక్కడుందో రైతు వెతుక్కుంటుంటే గీతలప్పుడే జరిపేయొచ్చు, యాప్ తయారయ్యాకైతే కోడింగ్‌వాళ్లకు మళ్లీ పని, మళ్లీ బిల్లు.