కారు కింద ముప్పై కిలోలు

మా కారు సైలెన్సరుకు గొంతు వచ్చి రెండు నెలలైంది. ఇంజను వైపు నుంచి వచ్చే గొట్టం, వెనకకు వెళ్లే గొట్టం కలిసే అతుకు దగ్గర సందు మూసి ఉంచే గాస్కెట్ పోయింది. అక్కడ ఉన్నవి రెండే బోల్టులు, వాటి తలకు తొడిగి తిప్పడానికి 14 నంబరు సాకెట్ సరిపోతుంది. ఈ మాత్రానికి గ్యారేజీ ఎందుకు అనుకుని, ఒక ఆదివారం పొద్దున చెన్నై తిరువాన్మియూరులోని మా అపార్టుమెంటు పార్కింగులో, డిక్కీలో ఉండే కత్తెర జాకీతో ముందు చక్రం లేపి కారు కిందికి దూరాను. బోల్టు కదల్లేదు. సాకెట్‌ను తిప్పే కడ్డీకి ఇనుప గొట్టం తొడిగి మళ్లీ లాగాను.

మా పై అంతస్తులో ఉండే బాబాయి గారు అప్పుడే పాల ప్యాకెట్లతో వస్తున్నారు. ఆయనది నెల్లూరు. పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశారు. కారు కింద నుంచి బయటికి వచ్చిన నా కాళ్లు చూసి, "నాయనా, చేతిలో ఉన్నది అక్కడే వదిలేసి ముందు బయటికి రా" అన్నారు. గొంతు పెంచలేదు. అందుకే వెంటనే వచ్చేశాను. ఆయన జాకీ వైపు చూపించారు. దాని తల నేను లాగుతున్న వైపుకు వేలెడు మందం వాలి ఉంది.

ఆ వేలెడు మందం వెనక ఉన్న లెక్క చిన్నది. మాది చిన్న కారు, బరువు సుమారు 900 కిలోలు. ఇంజను ముందు ఉంటుంది కాబట్టి అందులో దాదాపు 60 శాతం ముందు చక్రాల మీదే పడుతుంది. అంటే ఒక్కో ముందు మూల సుమారు 270 కిలోలు. కత్తెర జాకీ పాదం వెడల్పు 8 సెంటీమీటర్లు అనుకుంటే, మధ్య నుంచి అంచుకు 4. ఎత్తు 35 సెంటీమీటర్లు. జాకీ పక్కకు ఒరగాలంటే, పైన అడ్డంగా పడే బలాన్ని ఎత్తుతో హెచ్చిస్తే వచ్చేది, బరువును ఆ 4తో హెచ్చించిన దానికన్నా మించాలి. 270ని 4తో హెచ్చించి 35తో భాగిస్తే 31 కిలోలు. వెల్లకిలా పడుకున్న మనిషి కసిగా కడ్డీని లాగితే ఇంచుమించు అంత బలం వస్తుంది. నేల మీద ఉన్న మిగతా మూడు చక్రాలు కొంత ఆదుకుంటాయి కాబట్టి ఆ రోజు కారు పడలేదు. ఆ ఆదుకోవడం ఎంతో ఎవరు కొలిచారు?

కారును ఎత్తడం గురించి జాగ్రత్తలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. బిగుసుకున్న బోల్టును ఊడదీయడానికి చిట్కాలు చెప్పేవాళ్లు అంతకన్నా ఎక్కువ. ఈ రెండూ వేర్వేరు పనులన్నట్టే చెబుతారు. నాకు మాత్రం అపాయమంతా ఆ రెండు పనులు కలిసే చోటే కనిపించింది. నూనె మార్చడానికి దూరిన మనిషి కారును కదిలించడు. మొండి బోల్టుతో పెనుగులాడే మనిషి, తన మీద వేలాడుతున్న బరువును తానే ఊపుతుంటాడు.

జాకీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కత్తెర జాకీ చాలా తెలివైన పనిముట్టు. అడ్డంగా ఉన్న పొడవాటి మరను తిప్పితే నాలుగు చేతులు దగ్గరకు ముడుచుకుని పైకి లేస్తాయి. మర వాలు తక్కువ కాబట్టి, పైనుంచి బరువు ఎంత నొక్కినా ఘర్షణ దాన్ని వెనక్కు తిరగనివ్వదు. అయితే దాన్ని చేసింది దారిలో చక్రం మార్చడానికి. ఆ పనిలో మనిషి కారు బయటే కూర్చుంటాడు. చిన్న చక్రాల మీద దొర్లుతూ, నూనె ఒత్తిడితో ఎత్తే ట్రాలీ జాకీది వేరే సూత్రం. మూసిన పాత్రలో ద్రవం మీద పెట్టిన పీడనం అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పాస్కల్ చెప్పిన సంగతి, ఆయన పోయిన మరుసటి ఏడాది 1663లో అచ్చయింది. దాన్ని పనిముట్టుగా మార్చి, 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా నీటి ఒత్తిడి యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. చిన్న పిస్టన్ కన్నా పెద్ద పిస్టన్ వైశాల్యం పది రెట్లుంటే బలం పది రెట్లవుతుంది, ఎత్తు పదో వంతవుతుంది. అందుకే అన్నిసార్లు పిడి కొట్టాలి. ఆ బరువునంతా పైన నిలిపి ఉంచేది మాత్రం ఒక రబ్బరు సీలు, ఒక చిన్న వాల్వు. వాల్వు నోట్లో ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, నూనె మెల్లగా వెనక్కు జారుతుంది, కారు కిందికి దిగుతుంది. "జాకీ ఎత్తడానికి, స్టాండు మోయడానికి" అన్నారు బాబాయి గారు. ఆ పూట ఆయన ఈ మాట కనీసం నాలుగుసార్లు అని ఉంటారు.

మర్నాడు సాయంత్రం జి.పి. రోడ్డుకు వెళ్లి, ఎత్తిన కారును కింద నుంచి మోసే ఇనుప స్టాండ్లు రెండు కొన్నాను. చెన్నైలో కారు సామాను కావలసినవాళ్లు ఆ రోడ్డుకో, పాత సామానైతే పుదుప్పేటకో వెళ్లక తప్పదు. స్టాండు కొనేటప్పుడు చూడవలసింది దాని నాలుకను. పళ్లున్న కడ్డీ పైకి లేస్తుంది, లోపలి ఇనుప నాలుక ఒక పంటి సందులో పడి దాన్ని పట్టి ఉంచుతుంది. అది సందులో పూర్తిగా కూర్చోకపోతే స్టాండు ఉత్త అలంకారమే. 2020లో అమెరికాలో ఒకే దుకాణాల సంస్థ అమ్మిన స్టాండ్లలో ఇదే లోపం బయటపడి, పది లక్షలకు పైగా స్టాండ్లను వెనక్కు తీసుకోవలసి వచ్చింది. నాలుకతో పాటు అడ్డంగా దూర్చే చీల కూడా ఉన్నవి దొరుకుతాయి. నేను అవే తెచ్చుకున్నాను.

ఇటుకలు పెడితే సరిపోదా అని మా వాచ్‌మన్ అడిగాడు. ఇళ్లనే మోసే ఇటుక కారును మోయదా అని అతని వాదన. గోడలో ఇటుక మీద బరువు సిమెంటు పరుపు మీదుగా సమంగా పరుచుకుంటుంది. కారు అంచు అలా కాదు, ఒక్క గీత మీద నొక్కుతుంది. ఇటుక పగిలే ముందు వంగదు, మూలగదు. ఇనుము వంగి ముందే చెబుతుంది, ఇటుక ఏమీ చెప్పదు.

నేల సంగతి దగ్గర నేను మళ్లీ తప్పు చేయబోయాను. మా పార్కింగులో పరిచినవి సిమెంటు దిమ్మెలు. వాటి కింద ఇసుక ఉంటుంది. వాన నీరు పోవడానికి నేలకు కాస్త వాలు కూడా ఉంది. టైరు నేలను నొక్కే పీడనం దాదాపు దానిలో నింపిన గాలి పీడనమే, అంటే చదరపు సెంటీమీటరుకు రెండు కిలోల పైచిలుకు. స్టాండు నాలుగు మూలలూ కలిపి 16 చదరపు సెంటీమీటర్లే నేలకు తాకితే, అదే 270 కిలోలు చదరపు సెంటీమీటరుకు 17 కిలోలవుతాయి. దిమ్మె ఒక మూల కుంగడానికి అది చాలు. కాబట్టి వాలు లేని కాంక్రీటు జాగా వెతికి కారును అక్కడికి జరిపాం. దానిపైన కూడా మందపాటి ప్లైవుడ్ ముక్కలు వేసి స్టాండ్లు పెట్టాం. ఎండాకాలం మధ్యాహ్నం తారు రోడ్డు మీద ఈ పని తలపెట్టకపోవడమే మేలు. చెప్పు అచ్చు పడే తారులో స్టాండు కాలు దిగకుండా ఉంటుందా?

చక్రాలకు అడ్డు పెట్టడం మనవాళ్లకు కొత్త కాదు. ఘాటు రోడ్డులో లారీ ఆగీ ఆగకముందే క్లీనరు కర్రదిమ్మతో దూకుతాడు. కారు దగ్గరకు వచ్చేసరికి గేరు వేశాం, హ్యాండ్ బ్రేక్ లాగాం, ఇంకేమిటి అనుకుంటాం. ముందు చక్రాలను ఇంజను తిప్పే కారులో గేరు పట్టు ఉండేది ముందు చక్రాల మీదే. వాటిలో ఒకటి గాలిలోకి లేస్తే, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనివ్వడానికి మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ ఆ పట్టును వమ్ము చేస్తుంది. నేల మీది చక్రం ముందుకు దొర్లుతుంటే గాలిలోది హాయిగా వెనక్కు తిరుగుతుంది. గేరు మాత్రం గేరులోనే ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ చాలా కార్లలో వెనక చక్రాలను పడుతుంది కాబట్టి, ముందు భాగం లేపినప్పుడు అది పనికొస్తుంది. అదే వెనక భాగాన్ని లేపితే హ్యాండ్ బ్రేక్ పట్టిన రెండు చక్రాలూ గాలిలోనే ఉంటాయి. నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టడం అందుకే.

ట్రాలీ జాకీ చేయి నిట్టనిలువుగా లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. వెనక చక్రాలు దిమ్మల మధ్య కదలకుండా ఉన్నాయి కనుక, ఆ వంపుకు తగ్గట్టు జాకీయే తన చిన్న చక్రాల మీద కొద్దిగా దొర్లాలి. ఇసుకలోనో మట్టిలోనో అది దొర్లలేదు, దాని తల కారును పక్కకు ఈడుస్తుంది. మాది కాంక్రీటు కాబట్టి జాకీ బుద్ధిగా దొర్లింది. ముందు అడ్డ దూలం కింద జాకీ, తలుపు కింది అంచులో కారు పుస్తకం చూపించిన గట్టి చోట్ల స్టాండ్లు. బరువు స్టాండ్ల మీదికి దిగాక కూడా జాకీని తీసేయకుండా దూలానికి ఆనించి ఉంచాం. స్టెప్నీని పక్క నుంచి కారు కిందికి తోశాం. ఏదైనా జరిగితే జానెడుకు కాస్త తక్కువైనా సందు మిగులుతుంది. ఆ తర్వాత బాబాయి గారు తన భుజంతో కారును గట్టిగా రెండు కుదుపులు కుదిపారు. కారు ఊగింది, స్టాండ్లు కదల్లేదు. "పడేదైతే నువ్వు కింద లేనప్పుడే పడాలి" అన్నారు.

అప్పటికీ ఆయన నన్ను దూరనివ్వలేదు. బోల్టు మీద నూనె చల్లి, రాత్రంతా వదిలేయమన్నారు. కారును మళ్లీ దించి వదిలేశాం. ఈ ఓపికకు కారణం ఉంది. శుభ్రంగా ఉన్న బోల్టును ఊడదీయడానికి, బిగించినప్పటికన్నా కాస్త తక్కువ బలమే చాలు. బిగించినప్పుడు మనం పెట్టిన బలంలో దాదాపు తొంభై శాతం తల కింద, మరల మధ్య ఘర్షణకే పోతుంది, పదో వంతే బోల్టును సాగదీసి పట్టు ఇస్తుంది. తుప్పు ఈ లెక్క మొత్తాన్ని తారుమారు చేస్తుంది. ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య ఉన్న సందు మిల్లీమీటరులో పదో వంతో, ఇంకా తక్కువో. అందులో తుప్పు ఉబ్బి మేకులా దిగబడుతుంది. పైగా మాది సముద్రం పక్క వీధి. ఉప్పు గాలి, సైలెన్సరు రోజూ వేడెక్కి చల్లారడం, వాన నీళ్లు, మూడూ కలిసి ఆ అతుకుకే తగిలాయి.

పలుచని నూనె తలతన్యత తక్కువ కాబట్టి, దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు ఆ సందుల్లోకి పాకుతుంది. వత్తి తడవడానికి నిమిషం చాలు, తుప్పు పట్టిన బోల్టుకు గంటలు కావాలి. అందరి ఇళ్లలో ఉండే డబ్ల్యూడీ-40 అసలు ఈ పని కోసం పుట్టినది కాదు. 1953లో అమెరికాలో అట్లాస్ క్షిపణి పైతొడుగు తుప్పు పట్టకుండా, నీటిని తోసేయడానికి చేశారు. నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందని ఆ పేరు. బోల్టులకు ప్రత్యేకంగా చేసిన నూనెలు ఇంకా బాగా పనిచేస్తాయి. మంట పెట్టి వేడి చేసే పద్ధతి ఒకటుంది. 10 మిల్లీమీటర్ల నట్టును 200 డిగ్రీలు వేడెక్కిస్తే అది సుమారు 24 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో మూడో వంతు వ్యాకోచిస్తుంది. తుప్పు పొర చిట్లడానికి ఆ మాత్రం చాలు. కానీ పక్కనే పెట్రోలు గొట్టం, రబ్బరు బుష్షులు ఉంటాయి. ఇంటి పార్కింగులో మంట మాట ఎత్తవద్దు.

మర్నాడు కారును మళ్లీ అదే క్రమంలో ఎత్తి, కుదిపి చూశాక దూరాను. పన్నెండు మూలల సాకెట్ పక్కన పెట్టి ఆరు మూలలది తీసుకున్నాను. పన్నెండు మూలలది బోల్టు అంచులనే పట్టి గుండ్రంగా అరగదీస్తుంది, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. బోల్టు తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేశాను. తర్వాత ఊడే దిక్కుకు కాకుండా, ముందు బిగించే దిక్కుకు వెంట్రుకవాసి కదిపాను. తుప్పు ఒకసారి చిట్లితే చాలు, అది ఏ దిక్కుకైనా ఒకటే.

ఇక నేను జీవితాంతం గుర్తుంచుకునే సంగతి కడ్డీని ఎలా పెట్టాలన్నది. ఈ బోల్టులు కారు పొడవునా చూస్తుంటాయి. ఆదివారం నేను కడ్డీని కిందికి వేలాడదీసి పక్కకు లాగాను. ఆ బలమంతా కారును పక్కకు తోసింది. ఇప్పుడు సాకెట్‌ను తీసి తిప్పి పెట్టి, కడ్డీని ఎడమ పక్కకు అడ్డంగా ఉంచాను. తల మన వైపు ఉన్న బోల్టుకు, ఎడమన ఉన్న కడ్డీని కిందికి లాగితే అదే ఊడే దిక్కు. బలం అంతే, 30 కిలోలే. కానీ ఇప్పుడది నిలువుగా పడి స్టాండ్లను నేలకు ఇంకాస్త గట్టిగా నొక్కుతుంది.

60 సెంటీమీటర్ల కడ్డీ చివర 30 కిలోలు అంటే 175 న్యూటన్ మీటర్ల పైమాటే. తల కాకుండా ఒళ్లు 10 మిల్లీమీటర్ల మందం ఉన్న బోల్టు తెగిపోవడానికి అంత అక్కర్లేదు. అందుకే సాకెట్‌ను తిప్పే 25 సెంటీమీటర్ల పొట్టి పిడితోనే (రాట్చెట్), కుదుపు లేకుండా, మెల్లగా బలం పెంచాను. నిలకడగా ఉన్న రెండు ఇనుప ముఖాల మధ్య ఘర్షణ, అవి జారడం మొదలవగానే ఒక్కసారిగా తగ్గుతుంది. ఆ క్షణంలో మన బలానికి ఆసరా పోతుంది, పిడికిలి ఎదుటి ఇనుముకు తగులుతుంది. అరచేయి తెరిచి లాగమని బాబాయి గారు ముందే చెప్పారు కాబట్టి నా కణుపులు మిగిలాయి. టిక్‌మని చిన్న చప్పుడు, ఎర్రటి పొడి కళ్లద్దాల మీద రాలింది.

రెండోది రాలేదు. తల తెగింది. సైలెన్సరు బోల్టు విషయంలో అది పెద్ద నష్టం కాదు. మిగిలిన ముక్కను రంపంతో కోసి, కొత్తది వేసి, మరలకు వేడికి తట్టుకునే గ్రీజు రాశాను. కారు దించే ముందు బాబాయి గారు నేల మీద పరిచిన గుడ్డ దగ్గర కూర్చుని పనిముట్లు లెక్కపెట్టారు. కర్మాగారంలో అలవాటట. పన్నెండు తెచ్చాం, పదకొండే ఉన్నాయి. టార్చి వేసి చూస్తే, 14 నంబరు సాకెట్ కొత్త బోల్టు తలకే తగిలించి ఉంది.