బరువు ఎంతో సరే, ఎలా తూచారు?

కొత్త స్పోర్ట్స్ కారు వస్తోందంటే చాలు, అది రోడ్డెక్కకముందే బరువు మీద వాదన మొదలవుతుంది. ఒకరు 1,400 కిలోలంటారు, ఇంకొకరు 1,500 దాటుతుందంటారు. తమాషా ఏమిటంటే, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

డ్రై వెయిట్ అంటే పెట్రోలు లాంటివి పోయకుండా లెక్కగట్టిన బరువు. ఫెరారీ 296 జీటీబీకి కంపెనీ చెప్పిన 1,470 కిలోలు అలాంటిదే. బరువు తగ్గించే ఆప్షన్లు బిగించాక వచ్చే అంకె అది. జర్మన్ల డిన్ పద్ధతిలో ఆయిలు, కూలెంట్ పోసి, ట్యాంకు 90 శాతం నింపి తూస్తారు. యూరోపియన్ యూనియన్ పద్ధతిలో దానికి డ్రైవరు పేరిట మరో 75 కిలోలు కలుస్తాయి. పోర్షా 911 జీటీ3 (992 తరం, మాన్యువల్) డిన్ లెక్కన 1,418 కిలోలు. ఫెరారీతో పోల్చి తేడా 52 కిలోలే అనుకుంటే పొరపాటు. 60 లీటర్ల పెట్రోలే దాదాపు 45 కిలోలు తూగుతుంది మరి!

ఇక విడుదలకు ముందు చెప్పే అంకెల సంగతి. 2021లో లోటస్ ఎమీరాను చూపించినప్పుడు 1,405 కిలోలన్నారు, అదీ అన్నిటికన్నా తేలికైన రూపానికి. అందరూ కొనేది ఆ రూపాన్నే కాదు కదా.

బరువు పెరిగితే వేగం తగ్గాలి. ఎంత? బీఎండబ్ల్యూ ఎం5 స్పోర్ట్స్ సెడాన్ 2024లో హైబ్రిడ్‌గా మారి డిన్ లెక్కన 2,435 కిలోలకు చేరింది. పాత ఎం5 కాంపిటిషన్ సుమారు 1,900. శక్తి 625 నుంచి 727 హార్స్‌పవర్‌కు పెరిగినా, 0-100 సమయం, అంటే నిలిచిన చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకునే సమయం, 3.3 సెకన్ల నుంచి 3.5కి జారింది. అర టన్ను పెరిగితే పోయింది 0.2 సెకనేనా అని ఆశ్చర్యపోవద్దు. ఒకటి, ఇంజన్‌కు విద్యుత్ మోటారు తోడైంది. రెండోది, కారు కదిలే తొలి క్షణాల్లో హద్దు ఇంజన్‌ది కాదు, టైర్ల పట్టుది. బరువు పెరిగితే ఆ పట్టూ దాదాపు అంతే పెరుగుతుంది. అందుకే నా దృష్టిలో బరువును బాగా దాచిపెట్టే పరీక్ష 0-100. అమెరికాలో కార్లను పరీక్షించే చాలామంది కారు కదిలే మొదటి అడుగు (సుమారు 30 సెంటీమీటర్లు) దూరాన్ని లెక్కలోంచి తీసేస్తారు కూడా. దానితో ఇంకో 0.2 సెకన్లు కలిసొస్తాయి.

బండారం బయటపడేది మలుపుల్లో, బ్రేకుల దగ్గర. టైరు మీద భారం రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కాస్త తక్కువే పెరుగుతుంది. మలుపులో భారం చాలావరకు బయటి టైర్ల మీదికి ఒరుగుతుంది కాబట్టి అక్కడ నష్టం తెలిసిపోతుంది. ఇక 200 కిలోమీటర్ల వేగంలో ఉన్న కొత్త ఎం5ను ఆపాలంటే పాతదానికన్నా పావు వంతుకు పైగా ఎక్కువ శక్తిని వదిలించుకోవాలి. మోటారు కొంత బ్యాటరీకి మళ్లిస్తుంది. కానీ ట్రాక్ మీద గట్టిగా తొక్కే బ్రేకుకు ఎక్కువ భాగం డిస్కుల్లో వేడిగానే పోతుంది. అందుకే విడుదలకు ముందు వచ్చే వివరాల్లో నేను సెకన్ల కంటే ముందు టైర్ల వెడల్పు, బ్రేక్ డిస్కుల సైజు వెతుకుతాను. బరువు సంగతి కంపెనీ నోరు విప్పకపోయినా ఆ రెండూ చాలావరకు చెప్పేస్తాయి.