శుక్రవారం పొద్దు గుంకకముందే: యూదు బృందాల ఎడారి, అడవి నడకలపై అపోహలు – వాస్తవాలు

ఇజ్రాయెల్ దక్షిణాన నెగెవ్ ఎడారిలోనూ, ఉత్తరాన గలిలయ కొండల్లోనూ రోజుల తరబడి కాలినడకన తిరుగుతూ, దారిలోనే ప్రార్థనలు, పండుగలు జరుపుకునే యూదు బృందాలకు విడిది ఏర్పాట్లు చూడటం నా వృత్తి. గుడారాలు, నీళ్లు, వంట, ప్రథమ చికిత్స అన్నీ అందులోకే వస్తాయి. నేను యూదుణ్ణి కాను. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. సెలవులకు ఊరు వెళ్లినప్పుడల్లా చుట్టాలూ, బైబిలు క్షుణ్ణంగా చదివిన స్నేహితులూ నా పని గురించి అడిగే ప్రశ్నల వెనుక కొన్ని గట్టి నమ్మకాలు ఉంటాయి. (గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు కుటుంబాలు ఉన్నాయంటే వీరిలో సగంమంది నమ్మరు, అది వేరే సంగతి.) ఆ నమ్మకాలలో తరచుగా వినబడేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: అది పుస్తకాల మతం, చెట్టూ పుట్టా దానికి పట్టవు.

ఈ మాటకు ఆధారం బొత్తిగా లేకపోలేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మసంహితలో, దారిన నడుస్తూ ధర్మశాస్త్రం వల్లె వేసుకుంటున్నవాడు చదువు ఆపి 'ఈ చెట్టు ఎంత బాగుంది' అంటే, తన ప్రాణానికే ద్రోహం చేసుకున్నట్టని ఒక మాట ఉంది. ఈ మాట మీద వాదన జరగని యాత్ర నేను చూడలేదు. చాలామంది రబ్బీలు (యూదు మతగురువులు) అందులో 'ఆపి' అనే క్రియను ఒత్తి పలుకుతారు: చెట్టును చూడటం తప్పు కాదు, అది చదువుకు అడ్డమనుకోవడమే తప్పు అని వారి వ్యాఖ్య. అది తమకు అనువుగా తిప్పుకున్న అర్థమేమోనని నాకు అనుమానమే. అయితే అదే మిష్నాలో మరోచోట, కొండలు, సముద్రాలు, నదులు, ఎడారులు చూసినప్పుడు సృష్టి చేసినవాణ్ణి స్తుతించాలని స్పష్టంగా ఉంది. మెరుపుకు, ఉరుముకు, ఇంద్రధనుస్సుకు కూడా విడివిడిగా స్తుతివాక్యాలు ఉన్నాయి. చెట్టును గానీ కొండను గానీ వారు పూజించరు, చేసినవాణ్ణి తలుచుకుంటారు.

ఇందులో నాకు నచ్చిన చిన్న నియమం ఒకటుంది. ఒకే దృశ్యాన్ని 30 రోజులలోపు మళ్లీ చూస్తే ఆ స్తుతి మళ్లీ చెప్పరు. దాదాపు 40 కిలోమీటర్ల పొడవున, ఉల్క పడి కాక నీటి కోతతో ఏర్పడిన మఖ్తేష్ రామోన్ అనే మహాలోయ అంచుకు తెల్లవారుజామున చేరినప్పుడు, కొత్తగా వచ్చినవారంతా ఒక్కసారిగా నోరు విప్పుతారు. వారం వారం అక్కడికి వచ్చే వారి గైడ్ మాత్రం తలవంచుకొని మౌనంగా నిలబడి ఉంటాడు. అతనికి భక్తి తక్కువై కాదు, లెక్క ప్రకారం అతనికి ఇంకా గడువు తీరలేదు.

అపోహ: ఆరుబయట ప్రార్థనలు అమెరికా నుంచి వచ్చిన కొత్త వేడుక.

వారాంతపు క్యాంపులు, మంచు కొండలపై ప్రార్థనలు వంటి నిర్వహణ పద్ధతి ఇటీవలిదే, ఒప్పుకుంటాను. ఆచారం మాత్రం పాతది. 16వ శతాబ్దంలో గలిలయలోని సఫేద్ పట్టణంలో ఐజాక్ లూరియా, ఆయన శిష్యులు శుక్రవారం సాయంత్రం పొలాల్లోకి వెళ్లి షబ్బాత్‌ను, అంటే ఆ సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా సాగే విశ్రాంతి దినాన్ని, ఎదుర్కొని తెచ్చుకునేవారు. ఇవాళ ప్రార్థనామందిరాల్లో నాలుగు గోడల మధ్య జరిగే షబ్బాత్ స్వాగతానికి మూలం ఆ పొలం గట్లమీద ఉంది. ఉక్రెయిన్‌లో బ్రెస్లోవ్ నహ్మాన్ అనే గురువు (1772–1810) తన శిష్యులను ఒంటరిగా పొలాలకు, అడవులకు వెళ్లి, సొంత భాషలో, సొంత మాటల్లో దేవుడితో మాట్లాడమన్నాడు. మా యాత్రల్లో అన్నిటికంటే సులువుగా ఏర్పాటు చేయగలిగినది అదే. దానికి సామాను అక్కర్లేదు.

అపోహ: ఈ యాత్రలన్నిటి గమ్యం సీనాయి కొండ.

మోషే ద్వారా దేవుడు ధర్మశాస్త్రం ఇచ్చాడని బైబిలు చెప్పే కొండ అది. క్రైస్తవ మిత్రులు ఇది ఎక్కువగా అడుగుతారు. ఈజిప్టులో సీనాయిగా చూపించే కొండను అలా గుర్తించి నిలబెట్టింది ప్రధానంగా క్రైస్తవ సంప్రదాయం; దాని పాదాల దగ్గర 6వ శతాబ్దపు మఠం ఉంది. యూదు సంప్రదాయం ఆ కొండ ఎక్కడుందో గుర్తు పెట్టుకోలేదు, దానికి తీర్థయాత్ర విధించలేదు. బైబిలులోని నిర్గమకాండము 19వ అధ్యాయంలోనే, బూర ధ్వని తరువాత జనం ఆ కొండ ఎక్కవచ్చని ఉంది. అంటే అక్కడి పవిత్రత ఆ ఘట్టం వరకేనని రబ్బీల అవగాహన.

అపోహ: షబ్బాత్ అంటే తలుపులు వేసుకొని ఇంట్లో కూర్చోవడం, అడవిలో అది పాటించడం అసాధ్యం.

షబ్బాత్ హద్దుల్లో కొన్నిటి మూలం ఎడారిలోనే ఉంది. ఎడారిలో ఇశ్రాయేలీయులకు ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిసిన బైబిలు కథలో, ఏడవ రోజున ఎవరూ తమ చోటు విడిచి వెళ్లకూడదన్న మాట నుంచి రబ్బీలు ఒక కొలత తీశారు: ఉన్నచోటి నుంచి ఏ దిక్కుకైనా 2000 మూరలు, అంటే సుమారు ఒక కిలోమీటరు దాటకూడదు. ఊళ్లో ఉంటే ఊరి అంచు నుంచి కొలుస్తారు, బయలులో ఉంటే విడిది నుంచి. ఆరు రోజులు తలెత్తకుండా నడిచినవారిని ఈ కిలోమీటరు కట్టిపడేస్తుంది. వారం మొత్తంలో జింక అడుగుజాడలు, రాతి సందులో పూసిన మొక్క, చీమల బారు ఎవరైనా పిలిచి చూపించేది ఆ ఒక్క రోజే.

కష్టం మోత దగ్గర వస్తుంది. షబ్బాత్ నాడు బయలులో వస్తువు మోయరాదు. గుడారంలోంచి నీళ్ల సీసా బయటికి తేవడం కూడా మోతే. దీనికి ఉపాయం మిష్నాలోనే ఉంది: విడిది చుట్టూ తాళ్లతో ఆవరణ కడితే, దాని లోపల మోయవచ్చు. మైదానంలో దిగిన బిడారు తన చుట్టూ ఒకదానిపై ఒకటిగా మూడు తాళ్లు కట్టుకోవాలి, నేలకూ మొదటి తాడుకూ మధ్య, ఆపైన తాడుకూ తాడుకూ మధ్య సందు మూడు బెత్తెల కంటే తక్కువ ఉండాలి, తాళ్ల లావుతో కలిపి మొత్తం పది బెత్తెల ఎత్తు రావాలి. మూడు సందులు కలిపి తొమ్మిది బెత్తెలు దాటవు కనుక, మిగతా ఎత్తు తాళ్ల లావే ఇవ్వాలి. ఆ బిడారు వాడిన మోకులు ఎంత లావో దీన్నిబట్టి ఊహించవచ్చు. మా దగ్గర ఉండేవి సన్నని నైలాన్ తాళ్లు కాబట్టి నాలుగోది కూడా కడతాం. బెత్తెను సుమారు 8 సెంటీమీటర్లుగా లెక్కించి, సందును 22 దగ్గర ఉంచుతాం, ఎందుకంటే గాలికి ఎక్కడో ఒకచోట తాడు సాగి వేలాడితే సందు 24 దాటిపోతుంది. వెలుతురు తగ్గుతుండగా రబ్బీ చేతిలో టేపుతో మేకు మేకు దగ్గరా వంగి కొలవడం, నేను వెనకాలే సుత్తి పట్టుకొని తిరగడం ప్రతి శుక్రవారం జరిగే తంతు.

డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగున్నర దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు, దీపాలు అంతకు కనీసం 18 నిమిషాల ముందే వెలిగించాలి, ఆ తరువాత నిప్పు రాజేయకూడదు, గుడారం వేయకూడదు. కాబట్టి శుక్రవారం నడక ఒంటిగంటకల్లా ముగియాలని పట్టుబడతాను. ఈ వృత్తిలో పేచీలు వచ్చేది ప్రార్థనల దగ్గర కాదు, ఈ ఒంటిగంట దగ్గరే.

నా తప్పు ఒకటి చెప్పాలి. మొదటి ఏడాది గలిలయలో, సింధూర వృక్షాల నీడలో, సూర్యాస్తమయానికి ఎంతో ముందే ఒక పెద్దాయన కోసం రెండు చెట్ల మధ్య గుడ్డ ఊయల కట్టి, పని ముందే అయిపోయింది కదా అని మురిసిపోయాను. మరునాడు ఆయన దానివైపు చూసి నవ్వి, నేలమీద చాప పరచుకున్నారు. షబ్బాత్ నాడు చెట్టు ఎక్కడమే కాదు, చెట్టుకు నేరుగా కట్టినదాని మీద పడుకోవడమూ చెట్టును వాడుకోవడమే. చెట్టుకు ముందే కొక్కెం బిగించి, ఊయలను కొక్కేనికి తగిలిస్తే, చెట్టు ఊగనంత గట్టిదైతే పరవాలేదట. రక్షిత అడవిలో చెట్టుకు కొక్కెం బిగించే ప్రశ్నే లేదు కనుక, అప్పటినుంచి ఊయల మా సామానులో లేదు.

అపోహ: తాము చేయకూడని పనులు నీలాంటివాళ్ల చేత చేయించుకుంటారు, అందుకే నిన్ను పెట్టుకున్నారు.

మా బావగారి అభిప్రాయం ఇది. తాము చేయరానిది యూదుడు కానివాడికి చెప్పి చేయించుకోవడం కూడా మామూలుగా నిషిద్ధమే. ప్రాణాపాయం వస్తే ఈ లెక్కలన్నీ పక్కకు పోతాయి. ఒక వేసవి షబ్బాత్ మధ్యాహ్నం మా బృందంలో ఒకామెకు వడదెబ్బ తగిలి మాట తడబడింది. ఫోను నేను చేయాలి కాబోలని సంచి వెతుకుతుండగానే రబ్బీ తన ఫోను తీసి అంబులెన్సును పిలిచేశారు. తరువాత అడిగితే, 12వ శతాబ్దపు మైమోనిదెస్ ధర్మశాస్త్రంలో ఇది రాసి ఉందన్నారు: ఇలాంటప్పుడు పనిని ఇతరులకో పిల్లలకో అప్పగించకూడదు, పండితులూ పెద్దలే ముందుకు రావాలి. ప్రాణం కోసం నియమం దాటడం నామోషీ అని ఎవరూ అనుకోకుండా ఉండేందుకే ఈ ఏర్పాటని నాకు అర్థమైంది.

అపోహ: పర్ణశాలల పండుగకు గుడారం ఉంటే చాలు.

చాలదు. ఆ పండుగ వారమంతా యూదులు పర్ణశాలలో గడపాలి. దాని పైకప్పు నేలలో మొలిచి, నేల నుంచి వేరైన కొమ్మలతోనో రెల్లుతోనో ఉండాలి, గుడ్డ పనికిరాదు. అందమైన చెట్టు కింద వేసిన పర్ణశాల కూడా చెల్లదు, మధ్యలో ఆకాశానికి చెట్టు అడ్డం కాబట్టి. బాటసారులకు మినహాయింపు ఉంది గానీ, సరదా యాత్రలకు అది వర్తించదని న్యూయార్క్ పండితుడు మోషే ఫైన్‌స్టైన్ గత శతాబ్దంలో తీర్పు చెప్పారు. అందుకే ఆ వారం మా జీపు మీద ఖర్జూరపు మట్టలు కట్టి ఉంటాయి.

అపోహ: ఆహార నియమాలతో ట్రెక్కింగ్ సాగదు.

మాంసం మానేసి పప్పు, కూరగాయలు, రొట్టె మోసుకెళితే సగం సమస్య తీరిపోతుంది. అది తెలుగువాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. రొట్టె తినేముందు చేతులు కడగడం ఎడారిలో పెద్ద ఖర్చే. దానికీ నడిచేవాడి కొలత ఉంది: ముందు దారిలో నాలుగు మైళ్ల లోపు గానీ, వెనక్కి ఒక్క మైలు లోపు గానీ నీళ్లు దొరకకపోతే, చేతులకు గుడ్డ చుట్టుకొని తినవచ్చు. ఆ మైలు అంటే 18 నిమిషాల నడక. బయలుదేరేముందు మ్యాపు మీద నీళ్ల తావులు గుర్తించేటప్పుడు, వాటి మధ్య దూరాన్ని నేనిప్పుడు నిమిషాల్లోనే రాసుకుంటున్నాను.