థియోర్బోకి అంత పొడుగు మెడ ఎందుకు?

ఇంటర్ చదివే మా మేనల్లుడు మొన్న పాత యూరప్ సంగీతం వాయించే లార్పెజియాటా బృందం కచేరీ చూస్తూ, "మామయ్యా, ఆ మనిషంత పొడుగు వీణ ఏంటి, అంత మెడ దేనికి?" అని అడిగాడు. దాని పేరు థియోర్బో, 1600 ప్రాంతంలో యూరప్‌లో వాయించిన తీగల వాద్యం. 2000లో ఆ బృందాన్ని మొదలుపెట్టిన క్రిస్టినా ప్లూహార్ వాయించేది కూడా అదే. ఇక మెడ ఎందుకంటావా, జవాబు మీ కాలేజీ ల్యాబ్‌లో సోనామీటర్ (తీగకి బరువులు కట్టి శ్రుతి కొలిచే పెట్టె) మీదే ఉందిరా అన్నాను.

పౌనఃపున్యం, అంటే తీగ సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో అది, పొడవుకి విలోమానుపాతంలో ఉంటుంది, తన్యత (బిగువు) వర్గమూలానికి అనులోమానుపాతంలో, మీటరు తీగ బరువు వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. 1636లో ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ అచ్చువేసిన ఈ నియమాల్ని మన పిల్లలు పరీక్షకి గడగడా అప్పజెప్పేస్తారు, కానీ తీగ తెగేదాకా బిగిస్తే ఏ శ్రుతి దగ్గర తెగుతుంది అని క్లాసులో ఎవరూ అడగరు. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న అదే. అడ్డుకోత వైశాల్యం రెట్టింపు చేశామనుకోండి, తీగ తట్టుకునే బిగువు రెట్టింపవుతుంది, మీటరు తీగ బరువూ రెట్టింపవుతుంది, సూత్రంలో రెండూ కొట్టుకుపోతాయి. అంటే లావు తీగ వేసినా సన్న తీగ వేసినా తెగే శ్రుతి ఒక్కటే! పొడవూ, పదార్థమూ మాత్రమే లెక్క.

ఆ రోజుల్లో తీగలు గొర్రె పేగులతో పేనేవారు, పాత సంగీతం వాయించే బృందాలు చాలావరకు ఇప్పటికీ అవే వాడతాయి. దగ్గరగా చూస్తే వేళ్లు తగిలే చోట నూగులా పోగులు లేచి ఉంటాయి. పేగు తీగకి పౌనఃపున్యాన్ని మీటర్లలో పొడవుతో గుణిస్తే వచ్చే లబ్ధం సుమారు 240కి చేరేసరికి తీగ తెగుతుంది. వయొలిన్ మొదటి తీగ 33 సెంటీమీటర్లు, 659 హెర్ట్జ్, గుణిస్తే 217. ఇంకో రెండు స్వరస్థానాలు పెంచితే టప్పున పోతుంది.

మంద్రంలో సమస్య వేరు. తీగ వదులు చేస్తే పలకదు, లావు చేస్తే మోకులా బిరుసెక్కి మొద్దుగా మోగుతుంది. పేగు మీద లోహపు తీగ చుట్టే పద్ధతి 17వ శతాబ్దం రెండో సగంలో గానీ వ్యాపించలేదు. అప్పటిదాకా మిగిలిన దారి పొడవు పెంచడమే, అందుకే మెడ చివర ఇంకో బిరడాల పెట్టె పెట్టి మంద్ర తీగల్ని మీటరున్నర దాకా లాగారు.

కానీ మెట్ల మీద వేళ్లతో నొక్కి వాయించే తీగలు కూడా 82 సెంటీమీటర్ల దాకా సాగాయి. 240ని 0.82తో భాగిస్తే 293 హెర్ట్జ్. మామూలు వరస ప్రకారం శ్రుతి చేస్తే రెండో తీగకి కావలసింది 330, మొదటిదానికి 440, రెండూ తెగుతాయి! అందుకని ఆ రెంటినీ ఒక స్థాయి కిందికి, అంటే సగం పౌనఃపున్యానికి, దించేశారు, మూడో తీగే అన్నిటికన్నా పై శ్రుతిదైంది. దానివల్ల పక్కపక్క స్వరాలు వేర్వేరు తీగల మీద పడి, ఒకటి ఆగకుండానే ఇంకోటి మోగుతూ గంటల్లా కలిసిపోతాయి. 1604లో స్వరకర్త కాప్స్‌బెర్గర్ వెనిస్‌లో అచ్చువేసిన థియోర్బో సంగీతం ఈ గుణాన్ని పిండుకుంది.

మధ్యలో ఒక మాట. వాద్యాలన్నీ శ్రుతి కలుపుకునే 'A' స్వరం ఇవాళ మామూలుగా 440 హెర్ట్జ్; దాన్ని 432కి పెడితే అది ప్రకృతి శ్రుతి, రోగాలు తగ్గిస్తుంది అని ఫార్వర్డులు వస్తుంటాయి, నమ్మకండి. పాత యూరప్‌లో ఊరికో శ్రుతి ఉండేది. ఇవాళ బరోక్ (17-18 శతాబ్దాల యూరప్ సంగీతం) బృందాలు వాడే 415 కూడా సౌలభ్యం కోసం కుదుర్చుకున్నదే. 440 నుంచి అక్కడికి దిగితే తీగ మీద బిగువు 11 శాతం తగ్గుతుంది, పేగుకి అదే పెద్ద ఊరట.

ఇంట్లో చేసి చూడాలంటే ఒకే రకం గాలపు దారం రెండు మందాల్లో కొనండి, ఒకే పొడవుకి కట్టి మీటుతూ బరువులు పెంచండి. తెగే ముందు రెండూ ఇంచుమించు ఒకే శ్రుతిలో పలుకుతాయి. కళ్లకి రక్షణ అద్దాలు మాత్రం తప్పకుండా పెట్టుకోండి.