ఇటలీ కొండ ఊళ్ళలో నడక: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మన తెలుగు కుటుంబాలను ఇటలీలో తిప్పి చూపించడం నా పని. టస్కనీ, ఉంబ్రియా కొండ ఊళ్ళ పేరెత్తగానే ముందు వచ్చే మాట, "అమ్మకి మోకాళ్ళ నొప్పులండీ, ఆవిడ బస్సులోనే ఉంటారు" అని. దయచేసి అలా చేయకండి. ఓర్వియేతోలో రైలు దిగితే ఎదురుగానే ఫ్యునిక్యులర్ ఉంటుంది, తాడు లాగే చిన్న రైలు, అదే కొండ పైకి చేరుస్తుంది. సియెనాలోనూ స్టేషన్ దగ్గర నుంచి ఎస్కలేటర్లు ఉన్నాయి. పెరూజాలో అయితే ఎస్కలేటర్లు నేలకింద ఉన్న పాత వీధుల గుండా వెళ్తాయి. 1540లో ఆ ఊరు తిరగబడి ఓడిపోయాక పోప్ మూడో పాల్ ఒక పేటను కూల్చి, దాని మీద కోట కట్టించాడు. ఆ ఇళ్ళ గోడలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. పెద్దవాళ్ళకు నిజంగా కష్టమయ్యేది ఎక్కడం కాదు, దిగడం. వాన పడితే ఆ రాళ్ళ వీధులు జారతాయి, కాబట్టి పట్టున్న బూట్లు వేయించండి.

అపోహ: ఒక ఊరు చూస్తే అన్నీ చూసినట్టే.

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. సాన్ జిమిన్యానోలో డబ్బున్న కుటుంబాలు పోటీపడి గోపురాలు లేపాయి, డెబ్బైకి పైగా ఉండేవంటారు, ఇప్పుడు మిగిలినవి 14. సియెనా తన చర్చిని ఇంకా పెద్దది చేయాలని మొదలుపెట్టింది, 1348లో ప్లేగు వచ్చి ఊరు ఖాళీ అయింది, సగం కట్టిన ఆ గోడ ఇప్పటికీ ఒంటరిగా నిలబడి ఉంది. పియెంజాను పోప్ రెండో పియస్ తాను పుట్టిన పల్లె మీద ప్రేమతో 1459 నుంచి కొత్తగా కట్టించాడు. ఇక ఓర్వియేతో కొండకు శత్రువుల భయం తక్కువే కానీ నీళ్ళ భయం ఎక్కువ. 1527లో రోమ్ దోపిడీ తర్వాత అక్కడ తలదాచుకున్న పోప్ ఏడో క్లెమెంట్ ముట్టడి జరిగితే నీళ్ళెలా అని బావి తవ్వించాడు: ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న రెండు మెట్ల దారులు, ఒక్కో దారికి 248 మెట్లు. ఖాళీగా దిగే గాడిద, నీళ్ళతో ఎక్కే గాడిద ఎదురుపడవు. మన దిగుడుబావులు చూసినవాళ్ళు ఇది చూస్తే చాలాసేపు అక్కడి నుంచి కదలరు.

అపోహ: కారు అద్దెకు తీసుకుంటే హాయి.

ఊరి బయటి వరకూ హాయే. పాత ఊళ్ళోకి వెళ్ళే దారుల్లో 'జెడ్‌టీఎల్' (బయటి బండ్లకు ఆంక్షలున్న ప్రాంతం) అని ఎర్ర వలయం బోర్డు ఉంటుంది, అనుమతి లేని బండి దాటితే కెమెరా నంబర్ పట్టేస్తుంది. నాకు తెలిసిన ఒక కుటుంబానికి ఇండియా వచ్చిన నెలల తర్వాత జరిమానా అందింది. గోడల బయట పార్క్ చేసి నడవండి.

మధ్యాహ్నం చాలా చిన్న చర్చిలు మూసేస్తారు, లోపలికి వెళ్ళాలంటే భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి.

"రెండు గంటలు చాలు" అనేవాళ్ళకు మాత్రం నేను ఒప్పుకోను. ఒక్క రాత్రి అక్కడే ఉండండి. సాయంత్రం టూర్ బస్సులు వెళ్ళిపోయాక ఊరివాళ్ళు పిల్లలతో, ముసలివాళ్ళతో వీధిలోకి వచ్చి మెల్లగా అటూ ఇటూ నడుస్తారు, దాన్ని పస్సెజ్జాత అంటారు. ఓర్వియేతో చర్చి ముఖం పడమర వైపు. పొద్దు వాలేటప్పుడు ఎదురుగా కూర్చోండి, ఆ ముఖం మీది బంగారు మొజాయిక్ (చిన్న చిన్న ముక్కలతో అతికిన బొమ్మలు) మీద ఎండ పడుతుంది.