ఒకే బ్రేకు, మూడు తరాలు

2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు జనం వరుసకట్టారు. చేతుల వణుకు, ఫిట్స్, పొంతన లేని మాటలు, లేనివి కనపడటం. వాళ్లెవరూ తాగి వచ్చినవాళ్లు కారు. కల్తీ కల్లు మీద ఎక్సైజ్ దాడులు పెరిగేసరికి కాంపౌండ్లలో మత్తుమందు కలపడం తగ్గింది. కల్లు దొరుకుతూనే ఉంది, రోజూ అందులో ఉండే మందు లేదు, అంతే. కూలిపని నుంచి వచ్చి సాయంత్రం కల్లు తాగే అలవాటు ఆ పల్లెల్లో ఆడవాళ్లకూ ముసలివాళ్లకూ ఉంది కాబట్టి ఆసుపత్రుల్లో వాళ్లూ కనిపించారు.

కల్లులో కలిపేవి క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్. మొదటిది 1869లోనే నిద్రమందుగా వాడుకలోకి వచ్చింది. మిగతా రెండూ ఆందోళనకు, నిద్రకు ఈనాటికీ మందుల షాపులో దొరికే మాత్రలే. పేర్లు ఎన్నయినా మెదడులో ఇవి పనిచేసే చోటు దాదాపు ఒకటే. బ్రాందీ, విస్కీ, బీరు కూడా అక్కడికే చేరతాయి.

మెదడు కణాలను ఉసిగొల్పే రసాయనం గ్లుటమేట్, నెమ్మదింపజేసేది గాబా. గాబాను బ్రేకు అనుకుంటే, మత్తు పదార్థం ఆ బ్రేకును ఇంకా గట్టిగా తొక్కుతుంది. నెలల తరబడి రోజూ ఇదే జరిగితే మెదడు సర్దుకుంటుంది. గాబాకు స్పందించడం తగ్గించుకుని, గ్లుటమేట్‌ను అందుకునే గ్రాహకాలను పెంచుకుంటుంది. ఒకప్పుడు క్వార్టర్‌కే తూలినవాడు తర్వాత హాఫ్ తాగినా నిటారుగా నిలబడేది అందుకే. అలాంటి మనిషికి మందు ఒక్కసారిగా ఆగిపోతే బ్రేకు సడలి, వేగం మాత్రం మిగులుతుంది. కొన్ని గంటల్లో వణుకు, చెమట, నిద్రలేమి మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవాళ్లకు సాధారణంగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా కొందరికి మతి చలించి, గోడల మీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తుంది. ఇది ప్రాణం తీయగలదు. 2020 లాక్‌డౌన్‌లో వైన్‌షాపులు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం పోటెత్తింది ఇందుకే.

ఈ సంగతి మన ఇళ్లలో తెలియదు. దేవుడి పటం మీద ఒట్టు వేయిస్తాం, గదిలో పెట్టి తాళం వేస్తాం. అయ్యప్ప మాల వేసుకుని నలభై ఒక్క రోజులు మానేసినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. మంచిదే. కానీ పొద్దున లేవగానే ఒక గుక్క పడితే తప్ప చెయ్యి నిలవని మనిషి మాలకు ముందు డాక్టరును కలవాలి. డాక్టర్లు డైజిపామ్ లాంటి మందునే కొలతగా మొదలుపెట్టి, కొద్ది రోజుల్లో తగ్గించి ఆపేస్తారు. తోడుగా బీ1 విటమిన్ ఇస్తారు. అది లోపిస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఇంకో ప్రమాదమైన పని, తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్రను చెప్పకుండా పప్పులో కలిపి పెట్టడం. అది ఒంట్లో ఉండగా తాగితే విపరీతంగా వాంతులై, రక్తపోటు పడిపోయి మనిషి పోవచ్చు.

మరి ఇంట్లోవాళ్లు ఏం చేయాలి? అమెరికాలో చికిత్సకు ససేమిరా అనే తాగుబోతుల బంధువులను మూడు గుంపులు చేసి చూశారు, ఫలితాలు 1999లో వచ్చాయి. అందరూ కూర్చోబెట్టి నిలదీసే పద్ధతిలో నూటికి 30 మంది చికిత్సకు వచ్చారు. మేనమామలు, బాబాయిలు చేరి చేసే మన పంచాయితీకి ఇది దగ్గరి చుట్టం. తాగేవాణ్ణి వదిలేసి తమ మనశ్శాంతి చూసుకోమన్న గుంపులో వచ్చింది 13 మంది. మూడో గుంపుకు వేరే శిక్షణ ఇచ్చారు. మత్తులో ఉన్నప్పుడు వాదించకూడదు. తాగని రోజున దగ్గర కూర్చుని ప్రేమగా మాట్లాడాలి. తాగితే వచ్చే చిక్కులకు అడ్డం పడకూడదు, అంటే ఆఫీసుకు జ్వరమని అబద్ధం చెప్పకూడదు. చెయ్యి చేసుకునే మనిషైతే ముందు తమ రక్షణ చూసుకోవాలి. ఇక్కడ 64 మంది వచ్చారు. మన దేశంలో 2019 నాటి జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒకరే ఏదో ఒక చికిత్స పొందారు. ఆ లెక్కతో పోల్చి చూస్తే ఈ 64 నాకు చాలా పెద్దదనిపిస్తుంది. వ్యసనం మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఇంట్లోవాళ్లూ ఫోన్ చేయవచ్చు.

కుర్రవాళ్ల మెదడులో ఇదే బ్రేకు వేరుగా ప్రవర్తిస్తుంది. మద్యం తెచ్చే మగత, తూలుడు ఈ వయసులో తక్కువ. ఇక చాలని ఒళ్లు చెప్పేలోపే ఎక్కువ తాగేస్తారు. పదిహేనేళ్ల లోపే తాగుడు మొదలుపెట్టినవాళ్లలో నూటికి 40 మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దానికి బానిసలైతే, ఇరవై దాటాక మొదలుపెట్టినవాళ్లలో పది మందేనని 1997లో వచ్చిన అమెరికా లెక్క. వారసత్వం, ఇంటి పరిస్థితి కూడా ఇందులో కలిసి ఉంటాయి కాబట్టి తప్పంతా ఆ మొదటి గ్లాసుదే అనలేం. అయినా, ఇంట్లో మనమే కాస్త బీరు పోస్తే బయట తాగడనే నమ్మకానికి మాత్రం ఆధారం లేదు. ఆస్ట్రేలియాలో ఆరేళ్లు పిల్లల్ని గమనించి 2018లో ప్రచురించిన పరిశోధనలో అలా పోయడం వల్ల ఏ రక్షణా కనిపించలేదు.

తాతయ్య నిద్రమాత్రను ఎవరూ మత్తుమందు అనుకోరు. ఆల్ప్రజోలమ్, డైజిపామ్ రెండూ హెచ్1 జాబితాలోని మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు షాపువాడు రిజిస్టరులో రాసుకోవాలి. పాత చీటీతోనే ఏళ్లకేళ్లు తెచ్చుకునేవాళ్లు ఎంతమందో. వయసు పెరిగేకొద్దీ డైజిపామ్ ఒంట్లోంచి పోవడం ఆలస్యమవుతుంది. ఒంట్లో చేరిన మందు సగానికి తగ్గేందుకు ఇరవై ఏళ్ల మనిషికి ఇరవై గంటలు పడితే, ఎనభై ఏళ్ల మనిషికి ఎనభై గంటలు పట్టవచ్చు. నిన్నటిది పోకముందే ఇవాళ్టిది చేరుతుంది. రాత్రి బాత్రూముకు లేచినప్పుడు పడి తుంటి ఎముక విరగడం, మతిమరుపు అక్కణ్ణించే. దీన్నీ ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. కెనడాలోని క్యూబెక్‌లో ఇలాంటి మాత్రలు వాడే వృద్ధులకు, వాటి హాని, తగ్గించే పద్ధతి చెప్పే చిన్న పుస్తకాన్ని పోస్టులో పంపారు. ఆరు నెలల్లో 27 శాతం మంది పూర్తిగా మానేశారు. పుస్తకం అందనివాళ్లలో మానేసింది 5 శాతమే.