జ్వరం తగ్గాక రాలిన జుట్టంతా పేనుకొరుకుడు కాదు

కోవిడ్ నుంచి కోలుకున్న రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు వస్తుంటే పేనుకొరుకుడేమో అని హడలిపోయినవాళ్లు ఎందరో. వాళ్లలో చాలామందికి వచ్చింది అది కాదు. ఆ పేరూ తప్పుదారి పట్టించేదే. పేలకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు. మన రోగనిరోధక కణాలే వెంట్రుక కుదుళ్ల మీద పడటం వల్ల వస్తుంది. డాక్టర్లు అలోపేసియా ఏరియేటా అంటారు. నూటికి ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అంచనా.

జ్వరం తర్వాతి రాలుడునూ పేనుకొరుకుడునూ విడదీయడానికి ముందు క్యాలెండరు చూడాలి. తల మీది సుమారు లక్ష వెంట్రుకల్లో 85–90 శాతం పెరిగే దశలోనే ఉంటాయి. గట్టి జ్వరం తగిలితే బోలెడన్ని కుదుళ్లు ఒక్కసారిగా పని ఆపేస్తాయి. వెంట్రుక మాత్రం వెంటనే ఊడదు, రెండు మూడు నెలలు అక్కడే ఉండి, జ్వరం సంగతి మరిచిపోయాక రాలుతుంది. ఇది టెలోజెన్ ఎఫ్లూవియం. తలంతా పలచబడుతుందే గాని బోడి మచ్చలు పడవు. చాలామందిలో ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది.

పేనుకొరుకుడు మచ్చ నాణెంలా గుండ్రంగా, నున్నగా ఉంటుంది. భూతద్దం పెట్టి దాని అంచు చూడండి: కొన్ని మిల్లీమీటర్ల పొడవున తెగిన వెంట్రుకలు, కొసన లావుగా, చర్మం దగ్గర సన్నగా, అచ్చం ఆశ్చర్యార్థకంలా. కొందరికి గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. మచ్చ మీద పొట్టు లేస్తూ దురద పెడుతుంటే ఫంగస్‌ను అనుమానించాలి. దానికి స్టెరాయిడ్ రాస్తే ముదురుతుంది.

మరి వైరస్‌కు ఇందులో పాత్ర ఉందా? కణాలు తమ లోపలి ప్రోటీన్ ముక్కల్ని ఎంహెచ్‌సి క్లాస్-1 అణువుల మీద పెట్టి రోగనిరోధక వ్యవస్థకు చూపిస్తుంటాయి. పెరుగుతున్న కుదురు అడుగుభాగం వీటిని దాదాపుగా బయటపెట్టదు. అలా చాటున బతుకుతుంది. ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీన్ ఎక్కువైతే ఆ చాటు పోతుంది. సిడి8 టి కణాలనే రోగనిరోధక దాడి కణాలు వచ్చి చుట్టుముడతాయి. సూక్ష్మదర్శినిలో తేనెటీగలు ముసిరినట్టు కనిపిస్తాయి. అవి మళ్లీ ఇంటర్‌ఫెరాన్ గామాను వదులుతాయి, దాడి తనను తానే పెంచుకుంటుంది. వైరస్ సోకినప్పుడు శరీరం తయారుచేసేదీ ఇంటర్‌ఫెరాన్లనే. కాబట్టి జన్యుపరంగా సిద్ధంగా ఉన్నవారిలో వైరస్ నిప్పు రాజేయడం అసాధ్యమేమీ కాదు.

లెక్కలు మాత్రం ఒకే మాట చెప్పవు. కొన్ని పెద్ద అధ్యయనాల్లో కోవిడ్ తర్వాత ముప్పు పెరిగింది, కొన్నింటిలో లేదు. క్లినిక్కులు మూసినప్పుడు రాని రోగులు తెరిచాక ఒక్కసారిగా వచ్చారు. పెరిగింది జబ్బా, నమోదా అన్నది తేల్చడం కష్టం.

ఒత్తిడిదీ ఇలాంటి కథే. 2021లో హార్వర్డ్ పరిశోధకులు ఎలుకల్లో ఒత్తిడి హార్మోను కుదుళ్ల మూలకణాల్ని ఎక్కువకాలం నిద్రపుచ్చుతుందని చూపారు. అయితే అది పెరుగుదల ఆగడం, టి కణాల దాడి కాదు. పైగా మచ్చ కనపడ్డాక వెనక్కి తిరిగి చూస్తే ఏదో ఒక ఒత్తిడి దొరకకుండా ఉండదు, అందులోనూ మహమ్మారి ఏళ్లలో! “టెన్షన్ తగ్గించుకో, అదే వస్తుంది” అని సరిపెట్టడం నా దృష్టిలో రోగి మీదే నేరం మోపడం.

చిన్న మచ్చలు చికిత్స లేకుండానే ఏడాదిలోపు పూడటం మామూలే. ఆగలేనివారికి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఉన్నాయి: తలకు మిల్లీలీటరుకు 2.5–10 మిల్లీగ్రాముల గాఢతలో, సెంటీమీటరుకొకటి చొప్పున, 4–6 వారాలకోసారి. గాఢత ఎక్కువైనా, ఒకేచోట పదేపదే గుచ్చినా చర్మం గుంట పడుతుంది. బయోటిన్ మాత్రలు ఈ దాడిని ఆపవు, పైగా థైరాయిడ్ రక్తపరీక్షను తారుమారు చేయగలవు.

తల సగానికి పైగా ఊడితే బారిసిటినిబ్ అనే మాత్ర మాట వస్తుంది. అమెరికాలో 2022 మేలో ఆసుపత్రిలోని కోవిడ్ రోగులకు, జూన్‌లో తీవ్రమైన పేనుకొరుకుడుకు అనుమతి పొందింది ఇదే మందు. కారణం, రెండుచోట్లా మంటను (ఇన్‌ఫ్లమేషన్) రగిలించే సంకేతాలు కణాల్లోని జాక్ ఎంజైముల దారిలోనే నడుస్తాయి, ఈ మందు అడ్డుకునేది ఆ ఎంజైములనే. 4 మిల్లీగ్రాముల మోతాదులో 36 వారాలకు నూటికి 36–39 మందికి తల ఐదింట నాలుగు వంతులు నిండింది. మొదలుపెట్టే ముందు క్షయ, హెపటైటిస్ పరీక్షలు తప్పనిసరి. ఆపితే చాలామందికి మళ్లీ రాలుతుంది; అయినా గట్టి ఇన్‌ఫెక్షన్ వస్తే కొన్నాళ్లు ఆపాల్సే రావచ్చు. ఆ నిర్ణయం డాక్టరుకు ఫోన్ చేసి తీసుకోవాలి.